అమెరికా చిన్న ఊళ్ళలో ఎవరెవరున్నారో చెప్పే సెన్సస్ సైటు: నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి. ఐదుకి మూడున్నర. ఉచితం, లాగిన్ అడగదు, ప్రకటనలు లేవు, అమెరికాలో ఏ మూలనున్న చిన్న ఊరైనా సరే దాని జనాభా, వయసులు, ఇళ్ళు, జాతులు, ఇంట్లో మాట్లాడే భాషలు, ఏ దేశంలో పుట్టినవాళ్ళు ఎంతమంది అన్నదాకా చూపిస్తుంది. మరి ఒకటిన్నర ఎందుకు కోశానంటే, మనలాంటివాళ్ళు ఈ సైటు తెరిచేదే "ఆ ఊళ్ళో మనవాళ్ళు ఎంతమంది?" అని చూడ్డానికి, సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఊరు ఎంత చిన్నదైతే జవాబు అంత మసకబారిపోతుంది, ఆ సంగతి పెద్ద అక్షరాలతో హెచ్చరించాల్సింది పోయి పక్క కాలమ్‌లో ఒక అంకె వేసి ఊరుకుంటారు.

నేను మాట్లాడేది అమెరికా సెన్సస్ బ్యూరో వాళ్ళ డేటా డాట్ సెన్సస్ డాట్ గవ్ గురించి, దానికి చెల్లెల్లాంటి క్విక్‌ఫ్యాక్ట్స్ పేజీల గురించి. పాతవాళ్ళకు అమెరికన్ ఫ్యాక్ట్‌ఫైండర్ గుర్తుండే ఉంటుంది, దాన్ని 2020 మార్చి నెలాఖరున మూసేశారు, ఇది దాని స్థానంలో వచ్చింది.

నాకు దీంతో పనెందుకు పడిందంటే, మా పెద్దమ్మ కూతురు డాక్టరు. జే-1 వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో ఇచ్చే స్పెషలిస్టు శిక్షణ) చేసింది. ఆ వీసా మీద వచ్చిన డాక్టర్లు చదువయ్యాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలి, అది తప్పాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచెయ్యాలి, కాన్రాడ్ 30 అని పథకం, ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మందికి అవకాశం. దానికోసం వెతికినప్పుడు కాన్సస్ రాష్ట్రం పడమటి వైపున్న గార్డెన్ సిటీ పేరు వచ్చింది. "ఒరేయ్, నువ్వు లెక్కల మనిషివి కదా, అక్కడ మన ఇండియన్స్ ఉన్నారో లేదో చూసి చెప్పరా, మీ బావ ఇప్పట్నుంచే టెన్షన్ పడిపోతున్నాడు" అంది. సరే అక్కా అని కూర్చున్నాను. ఒక గంట పని అనుకున్నది వారాంతమంతా పట్టింది, పట్టినందుకు బాధ కూడా లేదు, ఎందుకంటే ఈ ఊరి కథ నేననుకున్న దానికంటే చాలా బాగుంది.

వెతకడం దగ్గర మొదలుపెడదాం. వట్టి గార్డెన్ సిటీ అని కొడితే మిషిగన్‌లో ఒకటి, ఐడహోలో ఒకటి, జార్జియాలో ఒకటి, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో ఇంకొకటి ఉన్నాయి. లాంగ్ ఐలాండ్‌ది బాగా డబ్బున్నవాళ్ళ ఊరు, అక్కడి ఆదాయాల అంకెలు చూసి కాన్సస్ ఊరనుకుంటే మా బావ టెన్షన్ ఒక్క దెబ్బకి పోయేది. రాష్ట్రం పేరు కలిపి కొట్టండి, అంతే.

కాన్సస్ గార్డెన్ సిటీకి క్విక్‌ఫ్యాక్ట్స్ పేజీ ఉంది (5,000 జనాభా దాటిన ఊళ్ళన్నిటికీ ఉంటుంది). 2020 లెక్కల్లో జనాభా 28,151. చూడగానే అర్థమయ్యే పేజీ, ఎడమవైపు అంశం, కుడివైపు అంకె, పక్కన ఇంకో ఊరినో కౌంటీనో (మన జిల్లా లాంటిది) పెట్టి పోల్చుకోవచ్చు. తొందరలో ఉన్నవాళ్ళకి ఇది చాలు. నా మూడున్నరలో సగం మార్కులు ఈ ఒక్క పేజీకే.

అసలు సైటులోకి వెళ్ళగానే తలనొప్పి మొదలవుతుంది, మొదటి ప్రశ్నే "ఏ గార్డెన్ సిటీ?" అని. మునిసిపాలిటీ హద్దుల్లో ఉన్న ఊరు ఒకటి, అదే 28,151. అది ఉన్న ఫిన్నీ కౌంటీ ఇంకొకటి, 38,470. పక్కనున్న చిన్న కియర్నీ కౌంటీని కూడా కలిపి మైక్రోపాలిటన్ ప్రాంతం అని మరొకటి (పది వేల నుంచి యాభై వేల దాకా జనం ఉన్న పట్టణం మధ్యలో ఉంటే మైక్రో, యాభై వేలు దాటితే మెట్రో). ఇవి కాక అర్బన్ ఏరియా అని నాలుగోది. ఈ నాలుగోదానికి మునిసిపాలిటీ గీతలతో సంబంధం లేదు, ఇళ్ళు ఎక్కడిదాకా దగ్గర దగ్గరగా ఉన్నాయో అక్కడిదాకా బ్లాకు బ్లాకు కలుపుకుంటూ పోతారు. చిన్న ఊళ్ళ విషయంలో నిజానికి అదే న్యాయమైన హద్దు, ఎందుకంటే ఇలాంటి ఊళ్ళలో చాలాచోట్ల కూలీలుండే మొబైల్ హోమ్ పార్కులు మునిసిపాలిటీ గీత దాటగానే ఉంటాయి, ఊరి అంకె మాత్రమే చూస్తే వాళ్ళు లెక్కలోంచి జారిపోతారు. అంత ముఖ్యమైనదాన్ని సైటులో ఫిల్టర్ల కింద ఎక్కడో దాచిపెట్టారు.

అర్బన్ ఏరియా గురించి ఇంకో మాట. 2010 దాకా 2,500 మంది ఉంటే పట్టణ ప్రాంతం కింద లెక్క, యాభై వేలు దాటితే ఒక పేరు, తక్కువైతే ఇంకో పేరు. 2020 లెక్కల తర్వాత రూలు మార్చి, 5,000 మంది అయినా ఉండాలి లేదా 2,000 ఇళ్ళు అయినా ఉండాలి అన్నారు, ఆ రెండు పేర్లూ తీసేసి అందరికీ ఒకటే పేరు పెట్టారు. కాబట్టి ఇప్పుడు న్యూయార్క్ మహానగరమూ అర్బన్ ఏరియానే, గార్డెన్ సిటీ కూడా అర్బన్ ఏరియానే. దేశంలో పట్టణ జనాభా 80.7 శాతం నుంచి 80 శాతానికి తగ్గినట్టు కనిపించడానికి ఒక కారణం ఇది. దాన్ని చూసి అమెరికన్లు పల్లెలకు తిరిగి వెళ్ళిపోతున్నారని ఎవరైనా వీడియో చేస్తే నమ్మకండి.

ఇక ఈ సైటు బాగా చేసే పని ఏంటో చెప్తాను. పెద్ద అంకెలు, అంటే మొత్తం జనాభా, వయసులు, ఇళ్ళ సంఖ్య, వీటిని వరసగా పెట్టుకుంటే ఊరి చరిత్ర కనిపిస్తుంది. గార్డెన్ సిటీలో 1980లో 18 వేల చిల్లర. 1990కి 24 వేలు దాటింది. 2000లో 28,451. అక్కడ్నుంచి పెరగాల్సింది పోయి 2010లో 26,658కి పడింది. 2020లో మళ్ళీ 28,151. మైదానాల మధ్య, గోధుమలూ పశువులూ తప్ప ఇంకేం లేదనుకునే చోట ఒక ఊరు ఇరవై ఏళ్ళలో ఒకటిన్నర రెట్లు పెరిగి, ఆపైన పదేళ్ళకి దాదాపు 1,800 మందిని ఎందుకు పోగొట్టుకుందో సైటు ఒక్క ముక్క చెప్పదు. అది దాని పని కాదనుకోండి. కానీ కారణం తెలియకపోతే ఆ అంకెలతో మనం చేసేదేమీ లేదు, కాబట్టి నేనే చెప్పేస్తాను.

1980 డిసెంబరులో ఊరికి పడమర హోల్కమ్ దగ్గర ఐబీపీ కంపెనీ పెద్ద గొడ్డు మాంసం ఫ్యాక్టరీ తెరిచింది, ఇప్పుడు అది టైసన్ అనే మాంసం కంపెనీ చేతిలో ఉంది. కొన్నేళ్ళకే ఊళ్ళో రెండో ఫ్యాక్టరీ వచ్చింది. అంత పనికి స్థానికులు సరిపోలేదు. మెక్సికన్ కుటుంబాలు అంతకుముందే ఉన్నాయి, 1906లో చక్కెర దుంపల ఫ్యాక్టరీ పెట్టిన రోజుల నుంచి, రైల్వే పనుల నుంచి. ఫ్యాక్టరీలు వచ్చాక మెక్సికో నుంచీ మధ్య అమెరికా దేశాల నుంచీ ఇంకా చాలామంది వచ్చారు, యుద్ధం తర్వాత శరణార్థులుగా వచ్చిన వియత్నామీయులు వచ్చారు. తర్వాత 2000 క్రిస్మస్ రోజున ఆ రెండో ఫ్యాక్టరీ కాలిపోయింది, మళ్ళీ కట్టలేదు, రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. 2000 సెన్సస్ తీసింది ఏప్రిల్ ఒకటి లెక్కన, మంట పుట్టింది డిసెంబరులో, అందుకే 28,451 అన్నది శిఖరం లాగా, 2010 అంకె లోయ లాగా కనిపిస్తాయి. ఆ తర్వాత 2008లో తూర్పు కాన్సస్‌లోని ఎంపోరియాలో టైసన్ పశువధ ఆపేస్తే అక్కడి సోమాలీలు కొందరు ఇటు వచ్చారు, బర్మా శరణార్థులు వచ్చారు. 2019 ఆగస్టులో హోల్కమ్ ఫ్యాక్టరీలో కూడా మంటలొచ్చాయి, ఈసారి మాత్రం బాగుచేసి కొన్ని నెలల్లోనే మళ్ళీ నడిపించారు, నడిపించకపోయుంటే 2020 అంకె ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఒక చిన్న ఊరి జనాభా ఒకటి రెండు ఫ్యాక్టరీ గేట్ల మీద ఆధారపడి ఉంటుంది, ఆ గేట్లు ఏవో తెలుసుకోకుండా శాతాలు చదవడం దండగ.

(1980, 1990 అంకెలు ఈ సైటులో టేబుళ్ళుగా దొరకవు, 2000 నుంచే ఉన్నాయి. అంతకుముందువి బ్యూరో ప్రధాన సైటులో పాత పుస్తకాల స్కాన్ కాపీలుగా ఉంటాయి, ఓపికుంటే దొరుకుతాయి.)

ఇక కమ్యూనిటీల సంగతి. ఇక్కడే నా ఫిర్యాదు. సెన్సస్ గడులు జనం తమని తాము ఎలా చూసుకుంటారో అలా ఉండవు, వాషింగ్టన్‌లో గీసినవి. గార్డెన్ సిటీలో సగానికి అటూ ఇటూగా ఉన్న లాటినోలకు (మెక్సికో, మధ్య అమెరికా లాంటి చోట్ల మూలాలున్నవాళ్ళు, సెన్సస్ భాషలో హిస్పానిక్) హిస్పానిక్ అవునా కాదా అని ఒక ప్రశ్న, ఆ తర్వాత జాతి ఏమిటి అని వేరే ప్రశ్న. వాళ్ళలో చాలామంది రెండో ప్రశ్నకి "ఇంకేదో జాతి" అని టిక్కు పెడతారు, అందుకే ఇలాంటి ఊళ్ళ టేబుల్లో ఆ గడి ఉబ్బిపోయి కనిపిస్తుంది, చూసినవాడికి ఈ ఇంకేదో జాతి వాళ్ళెవరా అనిపిస్తుంది. 2024 మార్చిలో రూలు మార్చారు, ఇకమీదట రెండు ప్రశ్నలూ కలిపి ఒకటే ఉంటుంది, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్ళకు వేరే గడి కూడా వస్తుంది. మంచిదే, కానీ ఇప్పుడు మనం చూస్తున్న అంకెలన్నీ పాత పద్ధతివే.

సోమాలీలు బ్లాక్ అనే గడిలో పడతారు, తరతరాలుగా అమెరికాలో ఉన్న నల్లజాతి కుటుంబాలతో కలిసి. వియత్నామీయులు, బర్మావాళ్ళు, మా అక్కలాంటి ఇండియన్ డాక్టర్లు అందరూ ఏషియన్. క్విక్‌ఫ్యాక్ట్స్‌లో ఏషియన్ అని కొద్ది శాతం కనిపించగానే "అక్కా, ఉన్నారు!" అని మెసేజ్ పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు, కానీ ఈ ఊరి చరిత్ర తెలిస్తే ఆ శాతంలో ఎక్కువమంది ఎవరో చెప్పక్కర్లేదు. మనవాళ్ళని వేరుగా చూడాలంటే బీ02015 అనే టేబుల్ తెరవాలి, ఏషియన్లని దేశాల వారీగా విడగొడుతుంది. ఇండియాలో పుట్టినవాళ్ళు కావాలంటే బీ05006. రెండూ చూడండి, ఎందుకంటే రెండోదాంట్లో ఇక్కడే పుట్టిన పిల్లలు రారు.

అసలు మనకి వేరే గడి రావడానికే చాలా కాలం పట్టింది లెండి. 1920, 1930, 1940 లెక్కల్లో భారతీయులని, సిక్కులైనా ముస్లింలైనా సరే, హిందూ అనే జాతి కింద రాశారు. 1970లో తెల్లవాళ్ళ కింద కలిపేశారు. 1980లో గానీ ఏషియన్ ఇండియన్ అనే గడి రాలేదు. 2020కి ఆ ఒక్క గడిలోనే 44 లక్షల మంది తేలారు, ఒకే గడి టిక్కు పెట్టిన ఏషియన్లలో మనమే పెద్ద గుంపు. దేశం మొత్తానికి అంత ఖచ్చితంగా చెప్పగలిగిన సైటు ఒక చిన్న ఊరి దగ్గర ఎందుకు తడబడుతుందో చెప్తాను, ఇది అర్థమైతే మిగతా రివ్యూ చదవకపోయినా పర్లేదు.

పదేళ్ళకోసారి తలలు లెక్కపెట్టే సెన్సస్ వేరు, ఏడాది పొడవునా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వే వేరు. భాష, పుట్టిన దేశం, ఆదాయం, చదువు, ఇవన్నీ ఆ సర్వే నుంచే వస్తాయి. దేశం మొత్తం మీద ఏడాదికి సుమారు 35 లక్షల చిరునామాలకు పంపిస్తారు, అంటే దాదాపు 40 ఇళ్ళలో ఒకదానికి. ఐదేళ్ళవి కలిపితే ఎనిమిది ఇళ్ళలో ఒకటి అనుకోండి. ఇప్పుడు ఒక ఊళ్ళో ఆరు ఇండియన్ కుటుంబాలే ఉన్నాయనుకుందాం. సర్వే ఆ ఆరింటిలో ఒక్కదాన్నీ తట్టకపోవచ్చు, అప్పుడు టేబుల్లో సున్నా వస్తుంది. ఒక నలుగురున్న ఇంటిని తట్టిందనుకోండి, ఆ ఇల్లు ఎనిమిది పది ఇళ్ళకు ప్రతినిధి కాబట్టి 30, 40 మంది అని వస్తుంది. రెండిళ్ళు తగిలితే 70, 80. ఊళ్ళో మనుషులు మాత్రం అంతే ఉన్నారు. ఇది వాళ్ళ తప్పు కాదు, శాంపిల్ సర్వే పద్ధతే అంత, అందుకే ప్రతి అంకె పక్కనా ప్లస్ ఆర్ మైనస్ అని ఒక కాలమ్ ఇస్తారు. 40 అని ఉండి పక్కన ప్లస్ ఆర్ మైనస్ 55 ఉంటే దానర్థం ఎవరూ లేకపోవచ్చు, 95 మంది దాకా ఉండొచ్చు, ఆ పరిధిలో ఉంటారని కూడా 90 శాతం నమ్మకమే. ఇలాంటి గడిని ఎర్ర రంగులోనో బూడిద రంగులోనో చూపించొచ్చు కదా? 28 వేల మంది ఊరి మొత్తాన్నీ, 40 మంది గుంపునీ ఒకే అక్షరాల్లో, ఒకే ధీమాతో చూపిస్తే చూసేవాడు రెండిటినీ ఒకేలా నమ్ముతాడు. నేను ఒక మార్కు కోసింది దీనికే.

మిగతా అర మార్కు భాషల టేబుల్‌కి. తెలుగు అని వేరే గడి ఉందా అంటే, ఉంది. 2016 నుంచి బీ16001 టేబుల్లో తెలుగు ఒక లైను, తమిళం ఒక లైను, మలయాళం కన్నడ ఇంకొన్ని కలిపి ఒక లైను. చూస్తే సంతోషంగానే ఉంటుంది. కానీ వ్యక్తుల గోప్యత పేరు చెప్పి ఆ టేబుల్‌ని పెద్ద ప్రాంతాలకే ఉంచి, చిన్న ఊళ్ళకి సీ16001 అని కుదించిన టేబుల్ ఇస్తారు. అందులో తెలుగు ఎక్కడుంటుందో ఊహించండి. హిందీ, గుజరాతీ, పంజాబీ వెళ్ళి ఇతర ఇండో యూరోపియన్ భాషలు అనే గుంపులో పడతాయి. మన ద్రావిడ భాషలు ఆసియా, పసిఫిక్ దీవుల భాషల్లో పడతాయి, అంటే జపనీస్, సమోవన్ లాంటివాటితో ఒకే గుంపు. హిందీనీ తెలుగునీ విడదీయడాన్ని భాషాశాస్త్రం ప్రకారం తప్పు పట్టలేం, కానీ తెలుగాయన హిందీ ఆవిడని పెళ్ళి చేసుకున్న ఇల్లుంటే ఆ దంపతులిద్దరూ చెరో ఖండం కింద తేలతారు. వియత్నామీస్‌కి వేరే లైను ఉంది గానీ, గార్డెన్ సిటీ లాంటి చోట ఆ ఆసియా గడిలో బర్మీస్ లాంటివన్నీ కలిసిపోయి ఉంటాయి. తెలుగు అందులో వెతకడం దండగ.

ఇదే సైటు కొంచెం పెద్ద ఊరికి ఎలా పనిచేస్తుందో చూద్దామని ఇల్లినాయి రాష్ట్రంలోని బ్లూమింగ్టన్, నార్మల్ జంట పట్టణాలు తీసి చూశాను. స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్స్ ప్రధాన కార్యాలయం అక్కడే, ఐటీ వాళ్ళలో ఆ ఊరి పేరు వినని తెలుగువాడు తక్కువ. బ్లూమింగ్టన్ 78,680, నార్మల్ 52,736, మధ్యలో రోడ్డు దాటితే ఊరు మారుతుంది. ఇప్పుడు తమాషా చూడండి. ఏ ఏడాదికాఏడు అంచనాలు 65,000 జనాభా దాటిన ప్రాంతాలకే ఇస్తారు. కాబట్టి బ్లూమింగ్టన్‌కి నిరుటి అంకె దొరుకుతుంది, రోడ్డు అవతల నార్మల్‌కి ఐదేళ్ళ సగటు మాత్రమే పూర్తిగా దొరుకుతుంది (20,000 దాటిన చోట్లకి కొన్ని ముక్తసరి టేబుళ్ళు ఇస్తారు, వాటిలో మనక్కావలసింది ఉండదు). రెండూ కలిపి చూడాలంటే మెక్లీన్ కౌంటీ తీసుకోండి, 1,70,954 మంది, అక్కడ వివరాలు చాలా మెరుగ్గా వస్తాయి. పైగా నార్మల్‌లో ఇల్లినాయి స్టేట్ యూనివర్సిటీ ఉంది, ఇరవై వేల ప్రాంతంలో విద్యార్థులు, వాళ్ళని తల్లిదండ్రుల ఊళ్ళో కాకుండా చదివే ఊళ్ళోనే లెక్కపెడతారు. అందుకే నార్మల్‌లో సగటు వయసు చూసి కుర్రాళ్ళ ఊరు అని, ఆదాయం చూసి పేదవాళ్ళ ఊరు అని తీర్మానించకూడదు. ఏ చిన్న ఊరైనా ముందు కాలేజీ ఉందా, జైలు ఉందా చూడండి, ఖైదీలని కూడా జైలున్న ఊరి ఖాతాలోనే వేస్తారు.

2020 లెక్కల మీద ఇంకో రెండు జాగ్రత్తలు. ఎవరి వివరాలూ బయటపడకుండా బ్యూరో ఈసారి అంకెల్లో కావాలని కొంచెం గందరగోళం కలిపింది. రాష్ట్రాల మొత్తం జనాభాని ముట్టుకోలేదు, కానీ ఒక్కో వీధి బ్లాకు దాకా దిగితే మనుషుల కంటే, మనుషులు కాపురముంటున్న ఇళ్ళు ఎక్కువుండటం లాంటి వింతలు కనిపిస్తాయి. బ్లాకు అంకెలు విడిగా చదవకండి, చాలా బ్లాకులు కలిపితేనే అర్థం ఉంటుంది. రెండోది, లెక్కలు అయ్యాక బ్యూరోనే తనిఖీ సర్వే చేసి ఒప్పుకున్న సంగతి: దేశం మొత్తం మీద హిస్పానిక్‌లు దాదాపు 5 శాతం తక్కువగా లెక్కకొచ్చారు, ఏషియన్లు రెండున్నర శాతం పైగా ఎక్కువగా వచ్చారు. లాటినోలు సగం ఉన్న ఊరికి దీని అర్థమేంటో మీరే ఆలోచించండి. తమ తప్పు తామే కొలిచి అంకెతో సహా బయటపెట్టే ప్రభుత్వ ఆఫీసు అరుదు, అందుకు మాత్రం మెచ్చుకోవాల్సిందే.

సైటులో అస్సలు దొరకనివి కొన్ని ఉన్నాయి. మతం గురించి తప్పనిసరిగా జవాబు చెప్పాలనే ప్రశ్న అడగకూడదని 1976 నుంచి చట్టమే ఉంది, కాబట్టి గుడి, మసీదు సంగతులు ఇక్కడ వెతక్కండి. వీసా రకం అడగరు. (కులం ఎలాగూ అడగరు, మనవాళ్ళు అది మొదటి పాట్‌లక్‌లోనే (తలా ఒక వంటకం తెచ్చుకునే విందు) వేరే దారిలో కనుక్కుంటారు.) ఇరుగుపొరుగు ఎలా ఉంటారన్నది ఏ టేబుల్లోనూ ఉండదు. గార్డెన్ సిటీ విషయంలో అది చిన్న సంగతి కాదు. 2016 అక్టోబరులో అక్కడ సోమాలీలుండే అపార్ట్‌మెంట్లని, అందులోని మసీదుని పేల్చాలని కుట్రపన్నిన ముగ్గురిని ఎఫ్‌బీఐ ముందే పట్టుకుంది, తర్వాత వాళ్ళకి పాతికేళ్ళు, అంతకు మించి శిక్షలు పడ్డాయి. అదే ఊరు నలభై ఏళ్ళుగా రకరకాల శరణార్థుల్ని కలుపుకుంటూ వచ్చినందుకు పరిశోధకులు ప్రత్యేకంగా వెళ్ళి చదివిన ఊరు కూడా. ఈ రెండూ నిజమే, రెండూ శాతాల్లో కనపడవు. మా అక్కకి అంకెల కంటే ముందు ఈ రెండు సంగతులే చెప్పాను.

వాడకం గురించి క్లుప్తంగా. ఫోన్‌లో తెరవద్దు, టేబుళ్ళు పక్కకి పాకుతూనే ఉంటాయి, లాప్‌టాప్ కావాలి. సెర్చ్ బాక్సులో వాక్యాలు కొట్టేకంటే టేబుల్ నంబరు, ఊరు పేరు, రాష్ట్రం కలిపి కొడితే నేరుగా వస్తుంది. నంబర్లు బట్టీ పట్టక్కర్లేదు, డీపీ05 అంటే వయసు, జాతి. డీపీ02 అంటే చదువు, భాష, పుట్టిన చోటు. ఈ రెండిటితో ముప్పావు వంతు పని అయిపోతుంది. పైన ఏ సర్వే, ఏ సంవత్సరం అని రాసి ఉంటుంది, అది చూడకుండా అంకె కాపీ చెయ్యకండి, ఎందుకంటే సర్వే అంకె, పదేళ్ళ సెన్సస్ అంకె, ఏటా జులై ఒకటి నాటి అంచనా అని మూడు రకాలు ఒకే ఊరికి పక్కపక్కనే తిరుగుతుంటాయి, మూడూ ఒకటి కావు. ఎక్సెల్‌లోకి దించుకునే సౌకర్యం ఉంది, ప్లస్ ఆర్ మైనస్ కాలమ్ కూడా దిగిందో లేదో చూసుకోండి.

ఈ టేబుళ్ళతో కుస్తీ వద్దనుకుంటే సెన్సస్ రిపోర్టర్ అని వేరే ఉచిత సైటు ఉంది, జర్నలిస్టుల కోసం తయారు చేసింది, ఇదే సర్వే అంకెల్ని బొమ్మలతో శుభ్రంగా చూపిస్తుంది, నమ్మకం తక్కువున్న అంకె పక్కన గుర్తు కూడా పెడుతుంది. బ్యూరో వాళ్ళు చెయ్యాల్సింది అదే కదా అని నా బాధ.

చివరికి అక్కకి ఏం చెప్పానంటే, ఊరు పెరుగుతోందా తరుగుతోందా, పిల్లలు ఎంతమంది, అద్దె ఇళ్ళెన్ని, స్పానిష్ ఎంత అవసరం పడుతుంది, వీటికి ఈ సైటు జవాబుల్ని నమ్మొచ్చు అన్నాను. స్పానిష్ మాత్రం ఇప్పట్నుంచే మొదలుపెట్టమన్నాను, దాన్లో ఏ ప్లస్ ఆర్ మైనస్ లేదు. ఇండియన్స్ ఎంతమంది అన్నదానికి, అతి తక్కువ అని తప్ప అంకె చెప్పలేను, ఆసుపత్రి వాళ్ళనే అడిగి అక్కడ పనిచేసే ఇండియన్ డాక్టరు ఎవరైనా ఉంటే పది నిమిషాలు మాట్లాడు అన్నాను. "అంటే ఇంత చదివి ఇదా నువ్వు చెప్పేది?" అంది. బావ మాత్రం పక్కనుంచి డెన్వర్ నగరానికి కారులో ఎన్ని గంటలు అని అడుగుతున్నాడు.

ఇంకొక్కటి, ఇది వాడబోయేవాళ్ళకి: ఐదేళ్ళ అంచనాలు ఏటా కొత్తవి వస్తుంటాయి. ఈ ఏడాదివి, నిరుటివి పక్కపక్కన పెట్టి "మనవాళ్ళు పెరిగారు" అనకండి, రెండిట్లోనూ నాలుగేళ్ళ డేటా ఒకటే ఉంటుంది. 2015 నుంచి 2019 దాకా ఉన్నదాన్ని 2020 నుంచి 2024 దాకా ఉన్నదానితో పోల్చండి, అది కూడా ఊరికి కాకుండా కౌంటీకి.